చుక్క చూడని అద్దం

“ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తది బాబాయ్?”

దుర్భిణి కొనడానికి వచ్చిన ప్రతివాడూ ముందు అడిగేది అదే. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే మస్తాన్‌వలి అదే అడిగాడు. పక్కన పదేళ్ళ కూతురు హసీనా బల్ల మీదున్న గొట్టాలను వేలితో తాకి, తాకనట్టు చెయ్యి వెనక్కి తీసుకుంటోంది.

చెన్నకేశవులు వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన ఏదీ వెంటనే చెప్పడు. చేతిలోని గాజు బిళ్ళను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, తొట్టిలో చేతులు కడుక్కుని వచ్చాడు.

“రెట్లతో పనిలేదు. నోరెంత వెడల్పుందో చూడాల. వానొస్తే చూరు కింద చెంబు పెడతావా, గంగాళం పెడతావా?”

“గంగాళమే.”

“చుక్కల వెలుతురు గూడా అంతే. నోరు పెద్దదైతే ఎక్కువ పడతది. రెట్లు ఎన్నైనా పెంచొచ్చు. చెంబెడు పాలల్లో కడవెడు నీళ్ళు పోసినట్టే.”

హసీనా కిసుక్కున నవ్వింది. “మా నాన్న టీ పెడితే అట్టాగే ఉంటది తాతా.”

“నీకు పొయ్యడం దండగే,” అన్నాడు మస్తాన్‌వలి, తనూ నవ్వుతూ. “చుట్టాలందరూ పిల్లకి గొలుసు చేయించమన్నారు బాబాయ్. ఇదేమో చుక్కలు చూసేది కావాలని నెల నుంచి నా పేణం తింటంది.”

“మీ మిద్దె మీదకి మెట్లున్నాయా?”

“ఇనప నిచ్చెన.”

“అయితే బరువైంది వద్దు. కాళ్ళు పొడుగున్నది వద్దు, గాలికి ఊగుద్ది.” చెన్నకేశవులు బల్ల వెంట నడిచాడు. నాలుగంగుళాల మామూలు అద్దం బిగించిన పొట్టి గొట్టం దగ్గర ఆగాడు. పీట మీద పెట్టి తిప్పుకునే రకం. ఒంటి చేత్తో నిచ్చెన ఎక్కించవచ్చు. పదేళ్ళ పిల్లకు, మొదటి దుర్భిణికి, అంతకు మించింది అక్కరలేదు. ‘ఇది చాలు’ అనే మాట ఆయన పెదవుల దాకా వచ్చింది.

“అదేంది తాతా, దానికి మూత బిగించి పెట్టారు?” అంది హసీనా, పై అరలో ఉన్న ఆరంగుళాల గొట్టం చూపిస్తూ.

ఆ మాట పెదవుల దగ్గరే ఆగిపోయింది.

మార్కాపురంలో ఒకప్పుడు ఏ సందులోకి పోయినా పలకల చప్పుడే. చెన్నకేశవులు మూడో తరగతి మధ్యలో బడి మాని పలకల షెడ్డులో చేరాడు. ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకునే పలకలు నునుపు చేసి పంపాడు. పలకలకు కాలం చెల్లాక ఆ చెయ్యే గాజుకు మళ్ళింది. ఇనప డ్రమ్ము మీద ఒక గాజు బిళ్ళ పెట్టి, గరుకుపొడి చల్లి, పైన ఇంకో బిళ్ళ ఉంచి రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరగాలి. రుద్దగా రుద్దగా పై బిళ్ళ గుంటపడి దుర్భిణి అద్దమవుతుంది. నలభై ఏళ్ళుగా ఆయన ఆ డ్రమ్ము చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాడు.

మూత బిగించిన ఆ గొట్టం వెనక మాత్రం వారిజ ఉంది. పెద్ద చదువులు చదివిన మనిషి. పదేళ్ళు పరిశోధించి, అద్దం మీద పరిచే ఒక పొరను కనిపెట్టింది. మిషన్ల మీద చేసిన అద్దాలకు అది నిలవలేదు. మనిషి చెయ్యి ఒకే దారిలో రెండుసార్లు నడవదు కాబట్టి, చేత్తో చేసిన అద్దాన్నే ఆ పొర పట్టుకుంటుందని తేలింది. అలా వెతుక్కుంటూ రెండేళ్ళ కిందట మార్కాపురం వచ్చి, మూతపడ్డ షెడ్డులో సగం తీసుకుంది.

“కంట్లోకి పోయిన వెలుతురు కొంచెం వెనక్కి వస్తుంది కేశవులు గారూ, పిల్లి కళ్ళు మెరిసినట్టు,” అని మొదటి రోజే చెప్పింది. “ఆ వెలుతురును బట్టి ఆ కంట్లో ఉన్న వంకరేమిటో పొర తెలుసుకుంటుంది. అద్దాన్ని దానికి తగ్గట్టు సర్దుతుంది. కళ్ళజోడు వాళ్ళు జోడు తీసేసి చుక్కను సూదిమొనలా చూస్తారు. పది నిమిషాల్లో గట్టిపడుతుంది. ఇక మారదు.”

“పాలు తోడుకున్నట్టు.”

“సరిగ్గా అంతే! అందుకే మొదట చూసే కన్ను కొన్నవాళ్ళదే కావాలి. మధ్యలో ఎవరూ మూత తీయకూడదు. మీరైనా సరే.”

చెన్నకేశవులు తలాడించాడు.

ఇప్పుడు హసీనా అడుగుతుంటే ఆయన ఆ గొట్టాన్ని కిందికి దించాడు. పదకొండు వారాలు తిరిగి చేసిన అద్దం అది. దాని గురించి ఎవరో ఒకరు అడగాలని ఎంత కాచుకుని ఉన్నాడో, అడిగినదాకా ఆయనకే తెలియలేదు. బరువు సంగతి చెప్పలేదు. నిచ్చెన సంగతి మరిచిపోయాడు.

“ఇదైతే నీ కంటికి కుట్టిచ్చిన గౌను మాదిరి ఉంటది పాపా. నీకే, ఇంకెవురికీ కాదు.”

“దీన్లో నువ్వు చూశావా తాతా?”

“ఇంకా లేదు. పంపేలోగా చూస్తా.” అలవాటుగా వచ్చేసింది మాట. “చుక్క చూడని అద్దం ఈ గడప దాటదు. నాకు పని నేర్పిన మేస్త్రి పెట్టిన రూలు.”

ఆ మాట విన్నాక మస్తాన్‌వలి ఇక ఆలోచించలేదు. రేపు పొద్దున వచ్చి తీసుకుపోతానన్నాడు.

ఆ సాయంత్రం వారిజ ఒంగోలు వెళ్ళింది. షెడ్డు వెనక పలకముక్కల కుప్ప మీద ఎండ చల్లారుతోంది. పడమట సంజెచుక్క పైకి తేలింది. చెన్నకేశవులు గొట్టాన్ని పీట మీద పెట్టి దాని ఎదురుగా నిలబడ్డాడు.

చూడకుండా పంపితే మేస్త్రి మాట పోతుంది. చూస్తే వారిజ మాట పోతుంది. ఒక్క రెప్పపాటు చూసి మూసేస్తే రెండూ నిలుస్తాయి. అట్లా అనుకునే మూత తీశాడు.

ఆ అనుకోవడం కింద ఇంకోటి ఉంది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు. పదేళ్ళప్పుడు పలక చెక్కు ఎగిరి కుడికంట్లో పడింది. పైకి ఏమీ తెలియదు. లోపల మాత్రం అన్నీ రెండుగా, నీడలతో కనపడతాయి. నలభై ఏళ్ళుగా ప్రతి అద్దాన్నీ ఎడమకంటితోనే చూసి పంపాడు. అద్దాలు చేసేవాడి కన్ను వంకరని తెలిస్తే గడప ఎవడు తొక్కుతాడు? కట్టుకున్న ఈరమ్మకు కూడా చెప్పలేదు.

ఏ కన్నైనా సరే, దానికి తగ్గట్టు సర్దుకుంటుందట ఈ పొర.

ఆయన కుడికన్ను ఆనించాడు.

ముందు ఎప్పటి మాదిరే ఉంది. చుక్క చిరిగి, తోకలు వేసి, నీళ్ళలో నూనెబొట్టులా చెదిరింది. చాలనుకున్నాడు. తల ఎత్తబోయేంతలో ఒక తోక లోపలికి ముడుచుకుంది. తర్వాత ఇంకోటి. ఎవరో కంట్లో చెయ్యి పెట్టి ముడతలు సర్దుతున్నట్టు ఉంది. చెదిరిన వెలుగంతా మెల్లగా దగ్గరికి జరిగింది. చిన్న నిమ్మపండులా, అంచు చెదరకుండా, శుక్రుడు నిలబడ్డాడు. అరవై ఏళ్ళుగా ఆ కన్ను అంత తేటగా ఏదీ చూసి ఎరగదు.

తల ఎత్తేసరికి సంజెచుక్క కొండ మీదకి వాలింది. ఎంతసేపైందో ఆయనకు తెలియదు. పది నిమిషాలకు తక్కువ కాదని మాత్రం తెలుసు.

మూత బిగించాడు. పొద్దున మస్తాన్‌వలి వచ్చి గొట్టాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయాడు. చెన్నకేశవులు ఆ వైపు చూడలేదు.

వారం తిరక్కుండానే హసీనా బడి నుంచి నేరుగా షెడ్డుకు వచ్చింది. భుజాన సంచీ కూడా దించలేదు.

“తాతా, చుక్కకి తోకలొస్తన్నయ్యి.”

ఆయన చెయ్యి గాజు మీద ఆగింది.

“రెండుగా కనపడతంది. నాన్న చూస్తే ఇంకా మసగ్గా ఉందంట. నేను సరిగా పెట్టట్లేదేమో అని తోకల సంగతి నాన్నకి చెప్పలా. కోప్పడతాడు.”

పొర గీకేసి మళ్ళీ పరవచ్చు. రెండు వారాల పని. గొట్టం తీసుకురా పాపా అంటే సరిపోయేది. కానీ వారిజ అడుగుతుంది. ఎవరు చూశారని అడుగుతుంది. ఏ కంటితో అని అడుగుతుంది.

“చూస్తా ఉండు,” అన్నాడు చెన్నకేశవులు. “కన్ను అలవాటు పడాల.”

“అంతేనా!” పిల్ల ముఖం విప్పారింది. “నేనేదో పాడుచేశాననుకున్నా.” గడప దాటబోతూ వెనక్కి తిరిగింది. “నువ్వు చూసే పంపావుగా, అద్దం బాగానే ఉంటదిలే.”

ఆ రాత్రి ఈరమ్మ కంచంలో గట్టిగా తోడుకున్న పెరుగు వెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మర్నాడూ అంతే. నెల గడిచాక ఆమె గిన్నె నేల మీద చప్పుడయ్యేలా పెట్టింది. “పెరుగేం పాపం చేసింది? చెప్తే మేమూ మానుకుంటాంగా,” అంది. ఆయన మజ్జిగ కూడా వద్దని లేచాడు. డిపో మీదుగా పోయే దారి మానేసి బజారుకు చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా పిల్ల సంగతి చెబితే వినకుండా ఉండలేకపోయేవాడు. రోజూ మిద్దె ఎక్కుతోందట. నోట్‌బుక్‌లో చుక్కలు గీస్తోందట. తండ్రికి కనపడనివన్నీ దానికి కనపడుతున్నాయట. కన్ను అలవాటు పడిందన్నమాట. అలవాటు పడితే మంచిదే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. నమ్మలేదు.

ఏడో నెలలో మస్తాన్‌వలి షెడ్డుకు వచ్చాడు. డిపో బట్టల్లోనే ఉన్నాడు. చెన్నకేశవులుతో కాదు, నేరుగా వారిజతో మాట్లాడాడు.

“అమ్మా, పిల్లకి బోర్డు మీద అక్షరాలు రెండేసిగా కనపడతన్నయ్యంట. ఒంగోలు పోయి చూపిచ్చినాం. కుడికన్ను వంకరపోయిందన్నాడు డాక్టరు. ఎప్పుడో దెబ్బ తగిలిన ముసలోళ్ళ కన్ను మాదిరి ఉంది, దెబ్బేమో లేదు, ఇట్టాంటిది చూళ్ళేదన్నాడు. ఈ గొట్టం వల్ల ఏమన్నా...”

వారిజ ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రమే ముగ్గురూ ఇనప నిచ్చెన ఎక్కారు. మిద్దె మీద హసీనా గొట్టాన్ని అప్పటికే పడమటికి తిప్పి పెట్టింది. చుట్టాలకు తన బొమ్మలు చూపించేంత సంబరంగా ఉంది.

“రండి మేడం! శుక్రుడు సన్నగా అయ్యాడు, గోరు కత్తిరించినట్టు!”

వారిజ చూసింది. జోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. “ఏమీ తెలియడం లేదు,” అంది గొంతు తగ్గించి. పిట్టగోడ మీద కూలబడింది. “నాకు అర్థమైంది మస్తాన్‌వలి గారూ. ఎదిగే పిల్లల కన్ను మెత్తని కొమ్మ లాంటిది. ఏది చూపిస్తే దానికి తగ్గట్టు పెరుగుతుంది. పొర ఏదో తప్పుగా తోడుకుంది. పిల్ల కన్ను ఆ తప్పుకు తగ్గట్టు పెరిగింది. పదేళ్ళు పని చేశాను గానీ ఈ సంగతి నేను ఊహించలేదు. తప్పు నాదే. రేపటితో షెడ్డు మూసేస్తాను. పాప కన్ను బాగయ్యేదాకా...” రెండు చేతులూ జోడించింది.

చెన్నకేశవులు నిచ్చెన దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇంకో నిమిషం అట్లాగే నిలబడితే చాలు. ఆ తప్పు ఆమె నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. ఎవరూ ఎప్పటికీ అడగరు.

ఆయన నడిచి వచ్చి, వంగి, కుడికన్ను ఆనించాడు.

“పక్కన చిన్న చుక్కుంది,” అన్నాడు. “కింద, ఎడం చేతి పక్క.”

హసీనా ఎగిరి గంతేసింది. “ఉంది గదా! నేను చెప్తే నాన్న లేదంటాడు! వారం నుంచి చెప్తన్నా! నీకు కనపడతంది గదా తాతా!”

ఆయన తల ఎత్తలేదు. “కనపడతంది పాపా. నాకూ నీకూ మాత్రమే కనపడుద్ది.”

వారిజ లేచి నిలబడింది. ఆమెకు ఆ మాట చాలు.

“పదేళ్ళప్పుడు పలక చెక్కు తగిలింది ఈ కంటికి,” అన్నాడు చెన్నకేశవులు గొట్టంతో మాట్లాడుతున్నట్టు. “మూత నేనే తీశా. చుక్క చూడకుండా పంపగూడదని తీశా. ఎడం కంటితో చూసినా సరిపొయ్యేది. ఈ కంటితో చూశా. బాగా కనపడతంటే... చూస్తా ఉండిపోయా.”

కింద వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. మస్తాన్‌వలి నోరు తెరిచాడు. కేకలేస్తాడనుకున్నారు. కేకలెయ్యలేదు.

“చూశావు. సరే. మనిషన్నాక ఆశ. పిల్ల వచ్చి తోకలొస్తన్నయ్యని అడిగిందంట గదా బాబాయ్. ఆ రోజన్నా చెప్పుంటే?”

చెన్నకేశవులు మూత తీసుకుని గొట్టానికి బిగించాడు.

వారిజ నాలుగు రోజులు ఇద్దరి కళ్ళనూ కొలిచింది. దారి ఒకటి ఉందంది. ఆ కన్ను ఇంకా పెరుగుతూనే ఉంది. వంకరకు ఎదురు వంకర చూపిస్తే, ఏడాదికో రెండేళ్ళకో వెనక్కి తిరగవచ్చు. తప్పకుండా తిరుగుతుందని మాత్రం చెప్పలేనంది. పొర ఎప్పుడూ కంటి మాటే వింటుంది, కాబట్టి ఎదురు వంకర గాజులోనే ఉండాలి. దాని మీద పరిచే కొత్త పొర ఒక్కసారే తోడుకోకుండా పిల్ల కన్నుతో పాటు వారం వారం కొంచెం కొంచెం జరగాలి.

“గాజును తప్పుగా అరగదియ్యాలి కేశవులు గారూ. కావాలని. వెంట్రుకలో వెయ్యో వంతు తప్పు. చెయ్యగలరా?”

“అదే గాజు తెప్పించండి,” అన్నాడు.

పాత పొరతో ఉన్న ఆ అద్దం గుడ్డలో చుట్టి వచ్చింది. ఆయన కుడికంటికి లోకంలో తేటగా ఉన్నది అదొక్కటే. ఒక్కసారి గొట్టంలో బిగించి చూసుకుంటే ఇప్పుడు ఎవరికీ పోయేదేమీ లేదు. చెన్నకేశవులు గుడ్డ విప్పి, గుప్పెడు గరుకుపొడి చల్లి, నీళ్ళు చిలకరించి, రుద్దడం మొదలుపెట్టాడు. మొదటి చుట్టులోనే పొర బూడిదరంగు బురదైంది.

నలభై ఏళ్ళు సరిగా నడవడం నేర్చిన చెయ్యి తప్పుగా నడవమంటే వినలేదు. కుడి అరచేతి మొదట్లో కొంచెం ఎక్కువ ఒత్తాలి. మరిచిపోతే చెయ్యి దానంతటది సరిచేసుకునేది. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి.

ఒకరోజు బడి వదిలాక హసీనా వచ్చి గడప మీద కూర్చుంది. కుడికంటికి గుడ్డ కట్టి ఉంది. చాలాసేపు ఆయన తిరగడం చూసింది.

“నాకు పాతదే కావాల,” అంది.

ఆయన తిరుగుతూనే ఉన్నాడు.

“అయితే నీకు అన్నీ అట్టాగే కనపడతయ్యా తాతా? నీడలతోటి?”

“ఈ కంటికి.”

“ఎప్పట్నించి?”

“నీ ఈడప్పట్నించి.”

“మరి ఎవురికీ చెప్పలేదా? ఏడుపు రాలేదా?” ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేదనుకున్నాడు. లేదు. జాలి ఉంది. చెన్నకేశవులు నీళ్ళ డబ్బా కోసం అటు తిరిగాడు.

మూడు నెలలకు అద్దం తయారైంది. వారిజ కొత్త పొర పరిచి, మూత బిగించి ఇచ్చింది. ఆ సాయంత్రం షెడ్డు వెనక పడమటి ఆకాశం తేటగా ఉంది. గొట్టాన్ని భుజాన వేసుకుని ఆయన గడప దగ్గర ఆగాడు. మేస్త్రి చెప్పిన మాట అక్కడే నిలబడి ఉంది. మూత మీద వేలు పెట్టి బిగుతుగా ఉందో లేదో చూసుకుని, గడప దాటాడు.

బరువైన గొట్టం. నిచ్చెన ఎక్కుతుంటే మస్తాన్‌వలి పైనుంచి అందుకున్నాడు గానీ, పలకరించలేదు.

చెన్నకేశవులు పీట సర్ది, పిల్ల గుడ్డ విప్పుతుంటే వీపు తిప్పి గోడకేసి నిలబడ్డాడు. వెనక మూత ఊడిన చప్పుడైంది.

“ఏం కనపడతంది?” అంది వారిజ.

“ఏం లేదు మేడం. పిండి చల్లినట్టుంది అంతా.” కాసేపాగి, “చుక్కే లేదు. నాకొద్దు ఇది.”

“రోజూ గంట చూడాలమ్మా. కొన్నాళ్ళకి...”

“నాకొద్దు! ఇది పాడైంది!” గొంతులో ఏడుపు వచ్చేసింది.

“నువ్వు చెప్పు బాబాయ్,” అన్నాడు మస్తాన్‌వలి. పది నెలల్లో నేరుగా ఆయనతో అన్న రెండో మాట అది. “ఆ రోజు చెప్పింది నువ్వేగా. ఇప్పుడూ నువ్వే చెప్పు.”

ఇటు తిరక్కుండానే చెన్నకేశవులు పెదవులు తడుపుకున్నాడు. చెప్పాల్సింది అదే మాట. అక్షరం మారదు.

“చూస్తా ఉండు పాపా. కన్ను అలవాటు పడాల.”

“అప్పుడూ అదే అన్నావు.”

“అప్పుడు అబద్ధం చెప్పినా.”

“ఇప్పుడు?”

నిజమని ఎట్లా చెప్పాలో ఆయనకు తెలియలేదు. హసీనా ముక్కు ఎగబీల్చింది.

“నువ్వు చూశావా దీన్లో?”

“చూళ్ళేదు.”

“అస్సలు?”

“అస్సలు.”

“చుక్క చూడకుండానే గడప దాటిచ్చావా?”

“ఆ.”

గోడ సున్నం మీద సాయంత్రపు వెలుతురు ఎర్రగా జారుతోంది. ఆయన కుడికంటికి ఆ గోడ అంచు ఎప్పటిలాగే రెండుగా ఉంది. వెనక పీట కిర్రుమంది. పిల్ల మళ్ళీ వంగింది.

“ఒకటి,” అని నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది హసీనా.